అశ్వహృదయం: ఒక గుర్రప్పిల్ల బండెక్కిన వైనం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది ఏలినవారి దయాభిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని స్పష్టం చేసింది. ఆ విషయం మీదా, కరువు భత్యం బకాయిల మీదా నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు సమగ్రంగా చెప్పారు. నాకు మాత్రం కార్యదర్శిగారు, "మీరు పశుసంవర్ధక శాఖలో చేశారు, అమెరికా కూడా చూసి వచ్చారు. భోజనాల ముందు కాస్త తేలికపాటి విషయం ఏదైనా చెప్పండి" అని పని అప్పగించారు. నేను చెప్పబోయేది ఒక గుర్రప్పిల్లను బండి ఎక్కించడం గురించి. బండికి కట్టడం కాదు, బండిలోకి ఎక్కించడం. ఇది తేలికపాటి విషయమో కాదో చివర్లో మీరే తేల్చండి.

మన చిన్నప్పుడు గుర్రం అంటే జట్కా గుర్రమే. రైల్వేస్టేషను బయట బండ్లు వరసగా నిలబడి ఉండేవి. గుర్రం కళ్లకు పక్కల గంతలు, ముందు పచ్చగడ్డి మోపు, సాయిబు చేతిలో చెర్నాకోల. గుర్రం బండిని లాగడం చూశాం గాని, గుర్రమే బండెక్కి ప్రయాణం చేయడం చూసినవాళ్లం తక్కువ. మలక్‌పేట పందేల గుర్రాలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వ్యాన్లలో తీసుకుపోతారు గాని, ఆ ఎక్కించే తంతు మన కంటబడదు. మనం చూసినదల్లా సంతల దగ్గర గిత్తలను లారీ ఎక్కించడం. ముకుతాడు పట్టి ఒకడు ముందుకు లాగుతాడు, వెనక ఒకడు తోక మెలిపెడతాడు, పక్కనుంచి ఇంకొకడు ములుకోలతో పొడుస్తాడు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1978లో రవాణా నిబంధనలు వచ్చాయి. వాటిలో గుర్రాలకు, కంచరగాడిదలకు, గాడిదలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మా ఆఫీసులో ఆ కాగితాలు సైక్లోస్టైలు చేసి తాలూకాలకు పంపిన చేతులు ఇవే. కాగితం వెళ్లింది గాని ములుకోల మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

నేను పశువైద్యుణ్ణి కాను, గుమాస్తాను. 1973లో చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. పశువుల గురించి నాకు తెలిసింది చాలావరకు ఫైళ్లలోనే. ఒక్క సందర్భంలో మాత్రం ఫైలు వదిలి నేల మీదికి వెళ్లవలసి వచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. పశునష్టం జాబితాలు రాయడానికి పంపినవారిలో నేనొకణ్ణి. మనుషుల ప్రాణాలే వేలల్లో పోయిన చోట, ఇంటింటి ముందు నిలబడి "ఎన్ని గేదెలు, ఎన్ని ఎడ్లు" అని అడగడానికి నోరు వచ్చేది కాదు. గుంజకు కట్టిన గొడ్డు కట్టినట్టే పోయింది. కదిలించడానికి వ్యవధీ లేదు, సాధనమూ లేదు. ఆపద వేళ కదిలించలేని ప్రాణిని కాపాడలేం. ఈ ఒక్క మాట ఆ జాబితాలు రాస్తుండగా నా మనసులో నాటుకుపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. 2019 మార్చిలో నేనూ మా ఆవిడా మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉన్నాం. వాళ్లుండేది టెక్సాస్ రాష్ట్రంలో, డెంటన్ పట్టణానికి ఉత్తరాన. ఆ ప్రాంతం గుర్రాలకు ప్రసిద్ధి. ఇళ్ల వెనక చెక్క కంచెలు, కంచెల్లో గుర్రాలు. అల్లుడూ అమ్మాయీ ఉద్యోగాలకు, మనవడు బడికి వెళ్లిపోతే పొద్దు పోవడం ఎంత కష్టమో అక్కడికి వెళ్లి వచ్చిన మీలో చాలామందికి తెలుసు. నేను రోజూ పొద్దున్నే కంచె దాకా నడిచేవాణ్ణి.

కంచె అవతలి పొరుగాయనకు డెబ్బై ఏళ్లుంటాయి. బడి బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయనా మనలాంటి పెన్షనరే. ఆయన ఆ ఏడాది ఒక రెండేళ్ల ఆడ గుర్రప్పిల్లను కొన్నాడు. ఎర్రమన్ను రంగు, నుదుట తెల్లని చుక్క. మా ఆవిడ దాన్ని చూసిన రోజే "గౌరి" అని పేరు పెట్టేసింది. ఆయన పెట్టిన పేరు ఏదైనా మాకది గౌరే.

గౌరికి అన్ని మంచి గుణాలూ ఉన్నాయి. పిలిస్తే వస్తుంది, గిట్టలు ఎత్తి చూపిస్తుంది, పసిపిల్లలు ముట్టుకున్నా ఊరుకుంటుంది. కాని ట్రైలర్ కనబడితే మాత్రం రాయిలా నిలబడిపోయేది. ట్రైలర్ అంటే పికప్ బండి వెనక కొక్కేనికి తగిలించుకునే ఇనుప గది. రెండు గుర్రాలు పక్కపక్కన నిలబడేంత చోటు ఉంటుంది. కింద చెక్క, దాని మీద రబ్బరు చాప. నేల నుంచి అడుగుకు పైగా ఎత్తు. లోపల చీకటి. గౌరిని అమ్మినవాళ్లు దాన్ని పంపేటప్పుడు వెనక తాడు వేసి, ఇద్దరు ముగ్గురు కలిసి బలవంతంగా తోశారట. అది పైకి లేచి పైకప్పుకు తల కొట్టుకుంది. ఆ మచ్చ దాని చెవుల మధ్య ఇంకా ఉంది. ఎక్కించడమైతే ఎక్కించారు గాని, ఆ రోజుతో అది ట్రైలర్‌ను జన్మకు సరిపడా గుర్తుపెట్టుకుంది.

"ఎక్కకపోతే ఏం? ఇంత మైదానం ఉంది కదా, ఇక్కడే ఉండనివ్వండి" అన్నాను ఒకరోజు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత తన పాత గుర్రం సంగతి చెప్పాడు. దానికి ఒక రాత్రి రెండు గంటలకు శూల వచ్చింది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, మిత్రులారా. కడుపులోకి వెళ్లింది నోటి వెంట బయటికి రాదు. దాని పేగు సుమారు వంద అడుగుల పొడవు. గాలి చేరి ఉబ్బినా, పేగు మెలిపడినా గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ చేసే ఆస్పత్రి అక్కడికి గంట ప్రయాణం. డాక్టరు ఫోనులో "వెంటనే తీసుకురండి" అన్నాడు. ఆ గుర్రం ట్రైలర్ ఎక్కదు. నొప్పిలో ఉన్న జంతువుతో మూడు గంటలు పెనుగులాడారు. తెల్లవారుజామున అది కంచె పక్కనే పోయింది. "రోగం చంపలేదు, ఎక్కడం నేర్పకపోవడం చంపింది" అన్నాడాయన. నాకు దివిసీమ గుంజలు గుర్తొచ్చాయి.

2017 ఆగస్టులో హార్వీ తుఫాను టెక్సాస్ తీరప్రాంతాన్ని ముంచినప్పుడు గుర్రాలను, పశువులను ఇలాంటి ట్రైలర్లలోనే మెరక ప్రాంతాలకు తరలించారు. క్యాలిఫోర్నియాలో కార్చిచ్చు లేచినప్పుడూ అదే పని. అంటే ఆ దేశంలో గుర్రం బండెక్కడం షోకు కాదు. మన ఇంట్లో మెట్లు దిగి అంబులెన్సు ఎక్కడం లాంటిది.

ఇప్పుడు గుర్రం స్వభావం గురించి రెండు ముక్కలు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటాడబడే జంతువు. దానికి దేవుడిచ్చిన ఆయుధం పరుగు. పారిపోయే దారి ఉన్నంతసేపు ధైర్యంగా ఉంటుంది. దారి మూసుకుపోతే దాని బుద్ధి మూసుకుపోతుంది. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూడగలదు గాని, సరిగ్గా నుదుటి ముందు, ముక్కు కింద, తోక వెనక ఉన్నది కనబడదు. వెలుగులోంచి చీకట్లోకి వెళితే దాని చూపు కుదుటపడటానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. ఇప్పుడు దాని వైపు నుంచి ట్రైలర్‌ను చూడండి. ముందు చీకటి గుహ, కాలి కింద డొల్ల శబ్దం, పక్కల గోడలు, వెనక్కి తిరిగే చోటు లేదు. ఎక్కనని మొండికేయడం దాని తెలివితక్కువతనం కాదు, తెలివే.

పొరుగాయన ఒకరోజు, "మీ పురాణాల్లో గుర్రాల కథలున్నాయా?" అని అడిగాడు. నలుడి కథ చెప్పాను. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుణ్ణి అయోధ్య నుంచి విదర్భకు ఒక్క రోజులో చేర్చడం, దారిలో ఆ రాజు దగ్గర అక్షహృదయం నేర్చుకుని, బదులుగా అశ్వహృదయం ఇస్తాననడం వివరించాను. "గుర్రం మనసు తెలుసుకునే విద్య అన్నమాట. ఆ మంత్రం ఏమిటి?" అన్నాడు. "మంత్రం మాకు మిగల్లేదండీ, పేరే మిగిలింది" అన్నాను. ఆయన నవ్వి, "అయితే ఈ పిల్లనే అడుగుదాం" అన్నాడు.

ఆయన పని ఏప్రిల్ మూడోవారంలో మొదలైంది. రోజూ పొద్దున అరగంట మించదు. నేను గుమాస్తా అలవాటు కొద్దీ ఒక నోటుపుస్తకంలో హాజరుపట్టీలాగా రోజువారీ రాసుకున్నాను. అది చూసే ఇప్పుడు చెబుతున్నాను.

మొదటి నాలుగు రోజులు అసలు ట్రైలర్ దగ్గరికే వెళ్లలేదు. గౌరి మొహానికి తాళ్ల పట్టీ, దానికి పన్నెండు అడుగుల పగ్గం. పగ్గం వేలితో లాగినంత మెల్లగా ముందుకు లాగుతాడు. అది ఒక్క అడుగు ముందుకు వేయగానే, ఆ క్షణంలోనే పగ్గం వదులు చేస్తాడు. అలాగే వెనక్కి ఒక అడుగు, మళ్లీ వదులు. "లాగడం వల్ల గుర్రం ఏమీ నేర్చుకోదు, వదలడం వల్ల నేర్చుకుంటుంది" అని వివరించాడు. అంటే ఏ పని చేసినప్పుడు దానికి సుఖం దొరికిందో ఆ పనే గుర్తుపెట్టుకుంటుంది. అది పైకి లేచి గంతులేసినప్పుడు భయపడి పగ్గం వదిలామో, గంతులేయడమే నేర్పినవాళ్లమవుతాం. అది గంతులేసినా ఆయన లాగడం పెంచడు, తగ్గించడు. కాస్త ముందుకు ఒరిగేదాకా అలాగే ఉంటాడు. ఒరగగానే వదులు.

ఐదో రోజు, ఆరో రోజు నేల మీద ఒక చెక్కపలక వేసి దాని మీద నడిపించాడు. గిట్టల కింద టకటక శబ్దం అలవాటు కావాలని. రెండు ఖాళీ పీపాలు నిలబెట్టి వాటి మధ్య నుంచి నడిపించి, రోజూ కొంచెం కొంచెం దగ్గరకు జరిపాడు. ఇరుకు అలవాటు కావాలని. అంటే ట్రైలర్‌ను ముక్కలు ముక్కలుగా విడదీసి మైదానంలోనే పరిచయం చేశాడన్నమాట.

ఏడో రోజు ట్రైలర్ తెచ్చాడు. దాన్ని బండికి తగిలించే ఉంచాడు. తగిలించకుండా గుర్రాన్ని ఎక్కిస్తే బరువుకు ఒక పక్క ఎగిరి లేస్తుందట. కిటికీలన్నీ తెరిచాడు, మధ్య అడ్డుపలక పక్కకు తీశాడు, లోపలికి ఎండ పడేటట్టు నిలిపాడు. లోపల గడ్డి పెట్టాడు గాని, గడ్డి ఆశ చూపి లాగలేదు. గౌరి పదిహేను అడుగుల దూరంలో ఆగిపోయింది. ఆయనా ఆగిపోయాడు. అది చెవులు రిక్కించి ట్రైలర్ వైపు చూసింది. చూసినందుకే పగ్గం వదులు చేసి, వెనక్కి తిప్పి గడ్డిలోకి తీసుకుపోయాడు. నేను ఆశ్చర్యపోయాను. దగ్గరికి తీసుకురావలసినవాడు దూరంగా తీసుకుపోతాడేమిటి? "అది వెళ్లిపోదామనుకునే లోపలే నేను తీసుకుపోవాలి. అప్పుడు దానికి ఆ చోటు మీద కసి ఉండదు" అన్నాడు.

తొమ్మిదో రోజు ముక్కుతో నేల వాసన చూసింది. పదో రోజు ముందుకాలు ఒకటి పైన పెట్టింది. పెట్టగానే దించమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ దించమన్నాడు. ఆ ఒక్క కాలు పెట్టడం, దించడం నేను లెక్కపెడితే ఇరవై రెండుసార్లయింది. మా ట్రెజరీలో బిల్లు కూడా అన్నిసార్లు తిరిగి రాలేదు!

పదకొండో రోజు గాలి లేచి ట్రైలర్ తలుపు ధడాలున కొట్టుకుంది. గౌరి పగ్గం తెంపుకున్నంత పని చేసి మైదానం చివరికి పోయింది. ఆ సాయంత్రం పొరుగాయన స్నేహితుడొకడు వచ్చి, "ఇద్దరం వెనక తాడు వేసి పట్టుకుంటే పది నిమిషాల పని. ఇన్నాళ్లు ఎందుకీ అవస్థ?" అన్నాడు. పొరుగాయన, "దానికి పది నిమిషాలు చాలు, నిజమే. కాని రేపు రాత్రి రెండు గంటలకు నువ్వుండవుగా" అన్నాడు. మర్నాడు మళ్లీ ఏడో రోజు పాఠం దగ్గర నుంచి మొదలుపెట్టాడు. మొహంలో విసుగు లేదు. వెనక్కి పోయిన పాఠం రెండోసారి త్వరగానే వచ్చింది. నాలుగు రోజులు పట్టినది మూడు రోజుల్లో వచ్చింది.

పదిహేనో రోజు రెండు ముందుకాళ్లు. పద్దెనిమిదో రోజు నాలుగు కాళ్లూ లోపల. మా మనవడు కంచె మీద నుంచి చప్పట్లు కొట్టబోతే నేనే ఆపాను. లోపలికి వెళ్లిన రెండు క్షణాలకే ఆయన దాన్ని వెనక్కి దింపేశాడు. "తాతయ్యా, ఎక్కింది కదా, తలుపు వేసేయొచ్చుగా?" అన్నాడు మనవడు. ఆ ప్రశ్నకు పొరుగాయన ఇచ్చిన జవాబు వినండి. "ఎక్కడం సగం విద్యే బాబూ. వెనక్కి దిగడం మిగతా సగం. తను దిగగలనని తెలిసిన గుర్రమే నమ్మి ఎక్కుతుంది." గుర్రానికి వెనక కాలు ఎక్కడ ఆనుతుందో కనబడదు. అడుగు ఎత్తు నుంచి కాలు గాలిలోకి దించడం దానికి ఎక్కడం కంటే పెద్ద భయం. అందుకని దిగడమే ఎక్కువసార్లు చేయించాడు.

ఆ తరువాత వరసగా వెనక అడ్డుకడ్డీ వేయడం, తీయడం. తలుపు వేయడం, తీయడం. ఒక నిమిషం, మూడు నిమిషాలు, పది నిమిషాలు. ఇంజను వేసి కదలకుండా నిలబడటం. ఇరవై ఆరో రోజు మా వీధి చివరిదాకా ప్రయాణం. తిరిగి వచ్చాక పచ్చగడ్డి. బండి నడపడం గురించి కూడా ఆయనకు పట్టింపు ఉంది. ఒక్కసారి సడన్ బ్రేకు వేస్తే నెల రోజుల పాఠం పోతుందనేవాడు. బడిపిల్లలను ముప్పై ఏళ్లు మోసిన చెయ్యి కదా!

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గుర్రమున్నవారు మనలో లేకపోయినా, ఆవూ గేదే ఉన్నవారికి పనికొస్తాయి. పగ్గాన్ని చేతికి చుట్టుకోకూడదు. జంతువు ఒక్క గుంజు గుంజితే వేళ్లు పోతాయి. సరిగ్గా వెనక నిలబడకూడదు. లోపలికి ఎక్కాక ముందు వెనక అడ్డుకడ్డీ వేసి, తరువాతే తల కట్టాలి. దించేటప్పుడు ముందు తల విప్పి, తరువాతే కడ్డీ తీయాలి. ఈ వరస తప్పితే, తల కట్టి ఉండగా వెనక తెరుచుకున్న గుర్రం వెనక్కి గుంజుకుని, తాడు బిగిసి, భయంతో తన్నుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. తన్ను తాను చంపుకోగల బలం దానికుంది. నిండుగా ఎదిగిన గుర్రం నాలుగు వందల యాభై, ఐదు వందల కిలోలుంటుంది.

ఇదంతా మే నెలాఖరుకు పూర్తయింది. ఆగస్టులో ఒక రాత్రి పదకొండు గంటలకు పొరుగాయన మా అల్లుడికి ఫోను చేశాడు. గౌరి నేల మీద పొర్లుతోంది, పక్కకు తిరిగి పొట్ట చూసుకుంటోంది, కాలితో నేల గీరుతోంది. అవి శూల లక్షణాలు. అల్లుడూ నేనూ టార్చిలైట్లు తీసుకుని వెళ్లాం. ఆయన దాన్ని లేపి నడిపిస్తున్నాడు. ఒళ్లంతా చెమట. డాక్టరు తీసుకురమ్మన్నాడు. ట్రైలర్ లోపలి దీపాలు వేశాం. గౌరి ముందు రెండు కాళ్లూ పెట్టి, ఆగి, వెనక్కి దిగిపోయింది. నా గుండె ఝల్లుమంది. ఆయన మాత్రం లాగలేదు, అరవలేదు. పగ్గం వదులుగా పట్టుకుని అది ఊపిరి పీల్చుకునేదాకా నిలబడ్డాడు. రెండోసారి అది తలవంచి, తనంతట తాను నాలుగు కాళ్లూ లోపల పెట్టింది. కడ్డీ వేశాం. తల కట్టాం. నేను గడియారం చూశాను. మొత్తం ఏడు నిమిషాలు.

అదృష్టవశాత్తు పేగు మెలిపడలేదు. ఆస్పత్రిలో ముక్కు ద్వారా గొట్టం వేసి, మందులు, ద్రవాలు ఎక్కించి ఒక రోజు ఉంచుకుని పంపారు. తిరిగి వచ్చి ట్రైలర్ దిగుతుంటే మా ఆవిడ పసుపు నీళ్లతో దిష్టి తీసింది. పొరుగాయన టోపీ తీసి నిలబడ్డాడు, ఏమిటని అడగలేదు.

మిత్రులారా, ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. దాదాపు 2,400 ఏళ్ల కిందట క్సెనోఫోన్ అనే గ్రీకు పెద్దమనిషి గుర్రాల మీద పుస్తకం రాస్తూ, కోపంతో గుర్రం దగ్గరికి వెళ్లవద్దని, అది భయపడే వస్తువు దగ్గరికి కొట్టి తీసుకుపోతే ఆ దెబ్బల నొప్పి కూడా ఆ వస్తువు వల్లే వచ్చిందనుకుంటుందని చెప్పాడు. మన భారతంలో నకులుడు దామగ్రంథి పేరుతో విరాటుడి కొలువులో గుర్రాలను చూసుకున్నాడంటే, అంత అణకువగల మనిషికే ఆ పని అప్పగించారని నాకిప్పుడు తోస్తుంది. అశ్వహృదయ మంత్రం మనకు మిగల్లేదన్నాను. దాని అర్థం మాత్రం గౌరి చెప్పింది. వెనక్కి వచ్చే దారి చూపించు, ముందుకు అడుగు వేస్తాను. ఇదీ ఆ అర్థం.

దీనికీ మనకూ ఏమిటి సంబంధం అంటారేమో. 2022లో మా ఆవిడకు నడుం నొప్పికి ఎమ్మారై స్కానింగు రాశారు. ఒక కేంద్రానికి తీసుకెళ్లాం. ఆ గొట్టంలోకి పంపబోతే ఆమె లేచి కూర్చుంది. అక్కడి కుర్రవాడు, "కదలకుండా పడుకోవాలమ్మా, బయట ఇంకా పదిమంది ఉన్నారు" అని గట్టిగా అన్నాడు. ఆమె చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది. "ఏమండీ, నొప్పితోనే ఉంటాను గాని ఆ గుహలోకి వెళ్లను" అంది. చీకటి గుహ, పెద్ద చప్పుడు, తిరిగే చోటు లేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఈ మాట ఎక్కడో చూసిందే అనిపించింది. వారం తరువాత ఇంకో చోటికి వెళ్లాం. అక్కడి అమ్మాయి ముందు గది చూపించింది. బల్లను లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి జరిపి చూపించింది. ఆమె చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టి, "ఇది నొక్కండి అమ్మా, అదే క్షణంలో బయటికి తీసేస్తాను" అంది. మా ఆవిడ ఆ బుడ్డి పట్టుకుని అరగంట లోపల ఉంది. ఒక్కసారి కూడా నొక్కలేదు.

అందుకని రెండు మనవులు చేసి ముగిస్తాను. మొదటిది ఇక్కడికి వచ్చిన పిల్లలకు. మీ ఇంట్లో పెద్దవాళ్లు లిఫ్టు ఎక్కనన్నా, చేతికర్ర పట్టుకోనన్నా, చెవి మిషను పెట్టుకోనన్నా, ఫోనులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వనన్నా, మొండితనం అని రాసేయకండి. వారి కళ్లతో ఒకసారి చూడండి. ఒక్కొక్క అడుగు వేయించండి, వేసిన అడుగు వెనక్కి తీసుకునే వీలు ఉంచండి. పది నిమిషాల్లో తోసేయగలిగిన పనికి నెల రోజులు పట్టినా ఫరవాలేదు.

రెండోది నాతోటి పెన్షనర్లకు. ఆపద రాత్రి రెండు గంటలకు వస్తుంది. ఆనాడు నేర్చుకోవడానికి టైముండదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఆస్పత్రికి దారి చూసుకోండి. చక్రాల కుర్చీలో ఒకసారి ఊరికే కూర్చుని చూడండి. పెన్షన్ కాగితాలు, బ్యాంకు పుస్తకం, ఆస్పత్రి కార్డు ఎక్కడున్నాయో మీ ఇంటివారి చేత ఒకసారి తీయించి చూడండి. సహచరి చేత బ్యాంకు కాగితం మీద ఒకసారి సంతకం పెట్టించండి. రేపు కుటుంబ పెన్షన్ కోసం ఆమె ఒంటరిగా ఆ కౌంటరు ముందు నిలబడే రోజు వస్తే, అది ఆమెకు మొదటిసారి కాకూడదు.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి ఫోనులో గౌరిని చూపించింది. నిండుగా ఎదిగింది. ట్రైలర్ తలుపు తెరిస్తే పగ్గం లేకుండానే ఎక్కి నిలబడుతోందట. పొరుగాయనకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి, ఇప్పుడు తన కంటే గుర్రమే తేలిగ్గా బండెక్కుతోందని నవ్వాడట.

భోజనాల వేళయింది.